ఖాళీగా కనిపించిన ఇన్‌బాక్స్

అక్సా కొత్తగూడెంలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. అడవి గూడేలలో మలేరియా మీద పనిచేసే సంస్థ అది. ఆఫీసుకు, డైరెక్టరుకు, మందుల స్టోరుకు, భద్రాచలం అవతల అడవిలో దవాఖానా నడిపే డాక్టర్ సంపూర్ణకు తలా ఒక మెయిల్ అకౌంటు ఉండేది. 2005 జూలైలో ఒక సోమవారం డైరెక్టర్ భాస్కర్, "నాలుగు చోట్ల చూసుడు ఏంది? అన్నీ ఒక్కదాంట్ల వచ్చేటట్టు పెట్టు," అని చెప్పి హైదరాబాద్ వెళ్లాడు.

పది గంటలకల్లా అక్సా ఆ పని చేసేసింది. నాలుగు అకౌంట్లనూ ఆఫీసు కంప్యూటర్‌లోని మెయిల్ ప్రోగ్రాములో కలిపి బటన్ నొక్కింది. మూడు వందలకు పైగా మెయిళ్లు వరుసగా దిగుతుంటే తృప్తిగా చూసింది. ఆ తర్వాత టీకి వెళ్లింది.

మధ్యాహ్నం రెండింటికి ఫోన్ మోగింది.

"అక్సా, నేను సంపూర్ణను. ఇవ్వాళ పొద్దుగాలనే ల్యాబోళ్లు నాకు మెయిల్ పంపిండ్రట. పదకొండు గంటలకు భద్రాచలంలో ఇంటర్నెట్ సెంటర్ల చూసిన. ఇన్‌బాక్స్ ఖాళీ. నువ్వేమన్న తీసినవా?"

అక్సాకు అప్పుడు గుర్తొచ్చింది. మెయిళ్లు కంప్యూటర్‌లోకి దిగాక సర్వర్‌లో కాపీ ఉంచాలంటే ఒక గడిలో టిక్కు పెట్టాలి. తను పెట్టలేదు.

"అవ్ మేడం. అన్నీ ఇక్కడికే దిగినయ్. అక్కడ పోయినయ్."

సంపూర్ణ అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది అక్సాకు.

"విను. కిందటి వారం సెలైన్ ఎక్కిచ్చిన ముగ్గురికి వణుకు పుట్టింది. నా దగ్గర రెండు బ్యాచ్‌ల సీసాలున్నయ్. రెండూ ల్యాబ్‌కు పంపిన. ఇప్పుడే ల్యాబాయన ఫోన్ చేసి, ఒక బ్యాచ్ చెడ్డది, వాడొద్దు, మెయిల్ చూసుకోండి అన్నడు. ఏదో చెప్పేలోపల లైను కట్టయింది. మళ్ల చేస్తే ఎత్తుతలేడు. నా ముంగట ఆరేండ్ల పిల్ల ఉన్నది, రూప్లి. మలేరియా మెదడుకెక్కింది, ఫిట్స్ వస్తున్నయ్. సెలైన్‌ల మందు కలిపి ఎక్కియ్యాలె. వాగు పొంగింది, జీపు దాటదు. ఏ సీసా తియ్యాల్నో చెప్పు. జల్దీ."

అక్సా కంప్యూటర్ వైపు తిరిగింది. తెర నల్లగా ఉంది. టేబుల్ ఫ్యాన్ రెక్కలు ఆగిపోతున్నాయి. కరెంటు పోయింది. యూపీఎస్ చెడిపోయి నెల అయింది.

"పది నిమిషాలు మేడం," అని ఫోన్ పెట్టేసి, సీపీయూ వెనక వైర్లన్నీ పీకింది. దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, రెండు చేతులా ఎత్తుకుని వానలో రోడ్డు దాటింది.

ఎదురుగా మోతీలాల్ జిరాక్స్, ఎస్టీడీ షాపు. జనరేటర్ మోత వినబడుతోంది. హాస్టల్ అప్లికేషన్ల కోసం పదిమంది వరసలో ఉన్నారు.

"మోతీలాల్ అన్నా, నీ మానిటర్ గావాలె. జిరాక్స్ బంద్ పెట్టు. రెండూ నడిస్తే జనరేటర్ ఆగితదేమో."

"గిట్ల వచ్చి బంద్ పెట్టమంటే? వీళ్లకు ఇయ్యాలనే ఆఖరి రోజు!"

"అడవిల ఒక పిల్ల పాణం మీదికొచ్చింది అన్నా."

మోతీలాల్ ఆమె ముఖం చూశాడు. మరో మాట అడగకుండా జిరాక్స్ మిషన్ ఆపేశాడు. వరసలో ఉన్నవాళ్లు గొణిగారు. అతనే మానిటర్ వైరు తెచ్చి సీపీయూకు తగిలించాడు.

కంప్యూటర్ లేచింది కాని, సరిగ్గా ఆపకుండా ఆగిపోయింది కాబట్టి ముందు డిస్కు తనిఖీ మొదలుపెట్టింది. నీలం తెర మీద అంకెలు కదిలాయి. పన్నెండు శాతం. పందొమ్మిది. మధ్యలో ఆపితే మెయిళ్లే చెడిపోతాయేమోనన్న భయంతో అక్సా చేతులు ఒళ్లో బిగించుకుని కూర్చుంది. నలభై దగ్గర అంకె చాలాసేపు కదల్లేదు. వెనక ఎవరో "ఇంకెంతసేపు?" అన్నారు. మోతీలాల్ కసిరాడు.

చివరికి మెయిల్ ప్రోగ్రాము తెరుచుకుంది. నాలుగు అకౌంట్ల మెయిళ్లూ కలిసిపోయి ఉన్నాయి. సెలైన్ అని వెతికితే మందుల స్టోరు బిల్లులన్నీ వచ్చాయి. ల్యాబ్ పేరుతో వెతికితే ఏమీ రాలేదు. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. తుడుచుకుని ఆలోచించింది. అకౌంటు వారీగా వరస పెడితే? సంపూర్ణ పేరు కింద ఏడు మెయిళ్లు మిగిలాయి. ఆరోది ఎవరిదో సొంత అకౌంటు నుంచి వచ్చింది. సబ్జెక్టు లేదు. తెరిస్తే రెండే వాక్యాలు.

మోతీలాల్ అప్పటికే అక్సా చెప్పిన దవాఖానా నంబరు కలిపి రిసీవర్ అందించాడు.

"మేడం, బ్యాచ్ నంబరు నాలుగు, నాలుగు, ఏడు, ఒకటి. అది వాడొద్దు. నాలుగు, నాలుగు, ఒకటి, ఏడు మంచిది."

"చివర ఏడా, ఒకటా? మళ్ల చెప్పు."

అక్సా తెర మీద వేలు పెట్టి ఒక్కో అంకె మళ్లీ చదివింది. అవతల సీసాలు తీసి పెడుతున్న చప్పుడు వినిపించింది.

"మంచిదే తీసిన," అంది సంపూర్ణ. తర్వాత గొంతు తగ్గించి, "కాని మెయిల్ రాలేదు గదా, ఫికరు లేదనుకొని పన్నెండింటికి పక్క మంచం ముసలామె భారతమ్మకు ఆ చివర డెబ్బై ఒకటున్న సీసానే ఎక్కిచ్చిన. ఇప్పుడు ఆమెకు వణుకు వస్తున్నది," అంది.

సాయంత్రానికి రూప్లికి ఫిట్స్ తగ్గాయి. భారతమ్మ మాత్రం రెండు రోజులు జ్వరంతో కొట్టుకుని, మూడో రోజు కోలుకుంది. అక్సా జరిగిందంతా రాసి భాస్కర్‌కు పంపింది. తప్పు తనదేనని రాసింది.

వాగు తగ్గాక గురువారం ఆమె ఆ దవాఖానాకు వెళ్లింది. భారతమ్మ మంచం మీద కూర్చుని గంజి తాగుతోంది. అక్సా పక్కన కూర్చుని, చేసిన పొరపాటును దాచకుండా చెప్పింది.

భారతమ్మ గిన్నె దించింది. "అంటే నా పాణం నీ డబ్బాల ఇరికిందా బిడ్డా?"

"అవ్."

ముసలామె ఆమె కాళ్లకంటిన బురద చూసింది. "తప్పు చేసినోళ్లు ఫోన్లనే మాట్లాడతరు. నువ్వు వాగు దాటి వచ్చినవ్," అంది. తర్వాత మెల్లగా, "అయినా నాకు కోపమున్నది. పోతది గని, ఇయ్యాల పోదు," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

అక్సా లేవలేదు. చివరి బస్సు వేళయ్యే దాకా అక్కడే కూర్చుంది.