నూటపదహారో నంబరు కారు

విశ్వనాథం గారు ఇల్లు ఖాళీ చేయమన్న రోజునే కావ్యశ్రీ చేత పులిహోర కలిపించుకున్నారు.

కెనడాలో జనవరి నెల, ఆదివారం. పొద్దున్నే పైనుంచి పిలుపు వస్తే పాపను చంకనేసుకుని బేస్‌మెంట్ మెట్లెక్కి వెళ్ళింది. ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టుకుని, ఫోను మీంచి చూపు తిప్పకుండానే చెప్పారు.

"ఈ నెలాఖరుకి కింద ఖాళీ చేసెయ్యండమ్మా. స్టూడెంట్స్ ఆరుగురు వస్తున్నారు. కాలేజీల్లో జనవరి అడ్మిషన్లకి దిగి ఎక్కడెక్కడో సర్దుకుని ఉన్నారు పాపం. వాళ్ళకైతే తలా ఒక పరుపు వేస్తే సరిపోతుంది. మీకంటే పిల్ల, హీటరు, వేడినీళ్ళు... మీకూ ఇబ్బందే కదా."

"ఏప్రిల్ దాకా ఉండమన్నారు కదంకుల్. ఈ చలిలో పాపని పెట్టుకుని ఎక్కడికి పోతాం?"

"అన్నాను, కాదనట్లేదు. అప్పటి సంగతి వేరు." ఆయన కప్పు ఎత్తారు. "ఆఁ, మధ్యాహ్నం భోజనానికి జనం వస్తున్నారు. ఆంటీ ఒక్కతే చేసుకోలేదు. పులిహోర నువ్వు కలిపెయ్. నీ చెయ్యి బాగుంటుంది."

కావ్యశ్రీ పాపను భుజం మీదికి మార్చుకుంది. పాపకు దగ్గు పట్టుకుని తగ్గడం లేదు. అది నిద్రపోతుంటే గుండె మీద చెయ్యి వేసి, ఎగసిపడుతోందో లేదో చూసుకుంటూ కూర్చునే తల్లి ఆమె. కిందికొచ్చి భర్త దీక్షిత్‌కి ఫోన్ చేసింది. అతను కాలేజీ లేని రోజుల్లో మిల్టన్ ఊళ్ళో ఒక గోడౌన్‌లో డబ్బాలు సర్దుతాడు.

"ఊరుకో కావ్యా. ఆయనతో గొడవ పెట్టుకుంటే ఈ నెలాఖరు కూడా ఉండనివ్వడు. చూద్దాంలే."

"ఏం చూద్దామండీ? మంచు చూద్దామా?"

అటువైపు ఎవరో కేక వేశారు. అతను ఫోన్ పెట్టేశాడు. ఆమె పాపను ఉయ్యాల కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, మధ్యమధ్యలో దిగొచ్చి చూసుకోవచ్చనుకుని పైకి వెళ్ళి చింతపండు నానేసింది.

చంటిపిల్ల ఉందంటే ఈ ఊళ్ళో ఇల్లు ఎవరూ ఇవ్వని రోజుల్లో, తమ తెనాలి వైపు వాళ్ళేనని తెలిసి విశ్వనాథం గారు ఇచ్చారు. దీక్షిత్ స్కార్‌బరోలో కాలేజీకి రైలు పట్టుకుని, బస్సు మారి, పోయి వస్తాడు. దూరమైనా మనవాళ్ళ నీడ కదా అనుకున్నారు. డిగ్రీ రెండో ఏడు సగంలో పెళ్ళి చేసి పంపిస్తే కావ్యశ్రీకి తెలిసిన లోకం కూడా మనవాళ్ళే. ఆ మనవాళ్ళే ఇవాళ పరుపుల లెక్క వేశారు.

కోపం ఆయన మీద ఒక పాలు అయితే, తన మీద రెండు పాళ్ళు. ఎందుకంటే క్రిస్మస్ సెలవుల్లో ఆమె ఒక తెలివితక్కువ పని చేసింది.

అప్పుడు విశ్వనాథం గారి హాల్లో కొత్తగా పెద్ద ఫ్రేము ఒకటి వెలిసింది. ఆయన తాతగారు వీరభద్రం గారు తలపాగాతో, కండువాతో, పైకప్పు తీసేసిన పాతకాలపు కారులో కూర్చున్న ఫోటో. మొత్తం తాలూకాలో మొదటి కారు తమదేనని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. చిన్న ఫోటోను ఇండియా నుంచి తెప్పించి, పెద్దది చేయించారు. దాని కింద కారు పేరు, సంవత్సరం చెక్కిన ఇత్తడి పలక పెట్టించాలని ఆయన కోరిక. ఆ పేరే తెలియడం లేదు. అందుకని, పాత ఫోటోల్లో కార్లు గుర్తుపట్టే ఫేస్‌బుక్ గ్రూపులో చేరారు. దీపాలు చూసి, చక్రాల పుల్లలు చూసి, ఏ కంపెనీదో ఏ ఏటిదో చెప్పే ముసలివాళ్ళు అందులో వేలమంది.

ఫ్రేము తుడవమని పిలిస్తే కావ్యశ్రీ గుడ్డ పట్టుకుని దగ్గరికి వెళ్ళింది. కారు ముందు పలక మీద నంబరు నూటపదహారు. ఆమె చెయ్యి ఆగిపోయింది. కిందికి పరిగెత్తి తన ఫోను తీసింది. నాయనమ్మ జానకమ్మ చిన్నప్పటి ఫోటో అందులో ఉంది. పన్నెండేళ్ళ పిల్ల, బుట్ట చేతుల జాకెట్టు, కారు తలుపు మీద మోచెయ్యి ఆనించి, పెదవులు బిగబట్టి నవ్వు. అదే కారు. అదే నూటపదహారు.

ఆ ఫోటో గురించి చిన్నప్పుడు బడిలో ఎంతమందికి చెప్పిందో. మా నాయనమ్మ ఆ రోజుల్లోనే కారెక్కింది అని. కారులో ఎక్కడికి వెళ్ళావు నాయనమ్మా అని అడిగితే, "ఎక్కడికీ పోలేదే" అని ఆవిడ ఒకటే నవ్వు. ఆగి ఉన్న కారులో కూర్చుందేమో అనుకునేది కావ్యశ్రీ.

రెండు ఇళ్ళకీ ఒకే కారు అంటే ఏదో సంబంధం ఉండే ఉంటుంది. సంబంధం ఉన్నవాళ్ళని ఎవరూ బయటికి పంపరు. అంతే ఆమె ఆలోచన. సంతోషంగా పైకి వెళ్ళి చూపించింది. విశ్వనాథం గారు కళ్ళజోడు పైకెత్తి ఫోను పట్టుకుని చాలాసేపు చూశారు.

"మా కారే. ఈ అమ్మాయి ఎవరు? మీ నాయనమ్మా? నాకు వాట్సాప్ చెయ్యి."

చేసింది. ఆ ఫోటో ఏమైందో మళ్ళీ అడగలేదు.

ఈ ఆదివారం మధ్యాహ్నానికి హాలు నిండింది. కండువాలు, స్వెటర్లు, గుమ్మం దగ్గర మంచు కరుగుతున్న బూట్లు. ఆకులు దొరక్క కాగితం ప్లేట్లలో వడ్డన. సరోజన ఆంటీ గారెలు తెస్తుంటే కావ్యశ్రీ పులిహోర గిన్నె పట్టుకుని తిరిగింది. విశ్వనాథం గారి ఆఫీసులోనే పనిచేసే రంగనాథ్ గారు రెండోసారి పెట్టించుకుంటూ అన్నారు.

"వేరే మంచి ఇల్లు దొరికిందటగా అమ్మా. విశ్వనాథం చెప్పాడు. మా మేనల్లుడు మీ రూములోకే వస్తున్నాడు. వాడు వంట చేసుకోలేడు, నువ్వుంటే బాగుండేది."

వేరే ఇల్లు. కావ్యశ్రీ చేతిలో గరిట ఆగింది. ఏదో అనబోయింది. ఈలోగా విశ్వనాథం గారు టీవీ ముందుకొచ్చి చప్పట్లు చరిచారు.

"అందరూ ఇటు చూడండి. ఇవాళ మా తాతగారి కారు పేరు తేలబోతోంది. పోస్టు పెట్టి రెండు రోజులైంది, ఇప్పటిదాకా నేను కూడా ఓపెన్ చెయ్యలేదు. మీ అందరి ముందే చూద్దామని."

ఫోను టీవీకి కలిపారు. తెర మీద రెండు ఫోటోలు వచ్చాయి. పైన వీరభద్రం గారు. కింద నాయనమ్మ. గోడంత నాయనమ్మ.

కావ్యశ్రీకి ముందు గుండె ఉప్పొంగింది. తర్వాత, ఫోటో కింద ఆయన ఇంగ్లిషులో రాసింది కూడబలుక్కుని చదివింది. ఆమె చదవడం అయ్యేలోపు ఆయనే తెలుగులో చెప్పేశారు.

"కింద ఉన్నది మా పొలంలో కోతలకి వచ్చే కూలివాళ్ళ అమ్మాయి. తాతగారిది ఎంత పెద్ద మనసంటే, అలాంటివాళ్ళని కూడా కారులో కూర్చోబెట్టి ఫోటో తీయించేవారు. మా కావ్య వాళ్ళ నాయనమ్మేలెండి. చూశారా, తరాల అనుబంధం."

అందరూ ఆమె వైపు తిరిగారు. కొందరు మెచ్చుకోలుగా తలలూపారు. చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది ఆమెకి. నాయనమ్మ నాన్న తెనాలి బజారులో దర్జీ. ఆ బుట్ట చేతులు ఆయన కుట్టినవే. కూలికి పోవడంలో తప్పేముంది, కావ్యశ్రీ వదిన ఇప్పటికీ పోతుంది. పోని మనిషిని పోయిందని చెప్పి, ఆవిడ నెత్తిన కాలు పెట్టి ఈయన కారెక్కడం ఏమిటి? అడగకుండా, ఆరా తీయకుండా, లోకమంతా చదివే చోట రాసేశాడు. రాసి, ఆవిడ మనవరాలినే వీధిలోకి పొమ్మంటున్నాడు.

"అంకుల్," అంది.

"ఉండమ్మా, ముందు ఇది చదవనీ." ఆయన కామెంట్లు కిందికి జరుపుతూ పైకి చదవసాగారు. "ఒకాయన అంటున్నాడు, రేడియేటర్ చూస్తే ఒక కంపెనీది, మడ్‌గార్డులు చూస్తే ఇంకో కంపెనీదట. ఇంకొకాయన, ముందు చక్రానికి పుల్లలు పది, వెనక దానికి పన్నెండు, ఇలాంటి కారు నా జన్మలో చూడలేదంటున్నాడు. చూశారా, వీళ్ళకే అంతుపట్టట్లేదు. స్పెషల్‌గా ఆర్డరిచ్చి చేయించారన్నమాట."

"నంబరు కూడా నూటపదహారు," అన్నారెవరో.

"మంచి అంకె అని తాతగారు అడిగి వేయించుకున్నారు. ఆగండి, ఇదిగో హాలిఫాక్స్ ఆయన, గోర్డన్. ఈయన చెబితే తిరుగుండదు. పెద్దదే రాశాడు." ఆయన గొంతు సవరించుకుని, ఇంగ్లిషు చదివి తెలుగు చెబుతూ పోయారు. "ఒక్క ఫోటోనే ఉంటే నాకు తెలిసేది కాదు. రెండోది పెట్టి మంచి పని చేశారు. మగాయన ఫోటోకీ అమ్మాయి ఫోటోకీ ఇరవై ఏళ్ళయినా తేడా ఉంటుంది. ఇన్నేళ్ళలో కారు మీద ఒక్క గీత కొత్తగా పడలేదు. ఎడమ దీపం మీద మెరిసే తెల్ల చుక్క రెండింట్లోనూ సరిగ్గా ఒకే చోట ఉంది. మనుషుల నీడలు ఒకవైపు పడుతుంటే కారు నీడ మాత్రం... మాత్రం రెండోవైపు. వెనక చక్రం నేలకి ఆనలేదు. మిత్రమా, ఇది కారు కాదు. చెక్క మీద వేసిన బొమ్మ. స్టూడియోవాళ్ళు..."

అక్కడ ఆయన గొంతు ఆగింది. ఇంగ్లిషు తెలిసినవాళ్ళు మిగతాది తెర మీద చదువుకున్నారు. స్టూడియోవాళ్ళు ఇలాంటి బొమ్మలు పెట్టుకుని, వెనక ఎవరిని నిలబెట్టినా కారులో కూర్చున్నట్టే ఫోటో తీసేవాళ్ళట. ఇదీ చాలా ముచ్చటైన బొమ్మేనట.

కొందరు గోడ మీది ఫ్రేము వైపు తిరిగి చూశారు.

"పోనీలే విశ్వనాథం," రంగనాథ్ గారు నెమ్మదిగా అన్నారు, "పెట్రోలు ఖర్చు మిగిలింది."

ఎవరో కిసుక్కుమన్నారు. అది అంటుకుంది. విశ్వనాథం గారి ముఖం ముదురు ఎరుపైంది. నవ్వినవాళ్ళని ఏమీ అనలేరు. చుట్టూ చూసి, పులిహోర గిన్నెతో నిలబడ్డ మనిషిని పట్టుకున్నారు.

"ఆ రెండో ఫోటో ఎవరు తెమ్మన్నారు నిన్ను? చక్కగా ఒక్క ఫోటో ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు. తెలిసే తెచ్చావు కదూ? నెలాఖరు దాకా కూడా వద్దు. వచ్చే ఆదివారానికి ఖాళీ చెయ్యండి."

కావ్యశ్రీ గిన్నెను టేబుల్ మీద పెట్టింది. చేతులు తుడుచుకుంది. గొంతు స్థిరంగానే వచ్చింది. అది ఆమెకే ఆశ్చర్యం.

"నాకూ ఇప్పుడే తెలిసింది అంకుల్. మా నాయనమ్మ కారెక్కిందని నేనూ ఊరంతా చెప్పుకున్నాను. నా కారూ పోయింది. దానికి నేను ఎవర్నీ ఇంట్లోంచి పొమ్మనట్లేదు."

"మాటలు జాగ్రత్త."

"జాగ్రత్తగానే చెబుతున్నా. మా నాయనమ్మ మీ పొలానికి రాలేదు. తెనాలి దర్జీ కూతురు. మీ తాతగారు నిలబడ్డ చోటే, ఆ చెక్క వెనకే నిలబడింది. అది గ్రూపులో మార్చి రాయండి. ఇంకోటి. మాకు వేరే ఇల్లు దొరకలేదు. దొరికిందని వీళ్ళకి చెప్పారట. ఏప్రిల్ దాకా ఉండమని మీరే, ఇదే హాల్లో, ఆంటీ ముందు అన్నారు. కింద ఎనిమిది నెలల పిల్ల దగ్గుతోంది. మేం ఏప్రిల్ దాకా కదలం."

రంగనాథ్ గారు ప్లేటు పక్కన పెట్టారు. ఇప్పుడు ఆయన గొంతులో వేళాకోళం లేదు.

"పసిపిల్లని లేపి మావాడికి పరుపు వేస్తున్నావా విశ్వనాథం? నాకిది చెప్పలేదే. మావాణ్ణి నేనే ఉంచుకుంటాలే."

"అన్నారండీ," సరోజన ఆంటీ వంటింటి గుమ్మంలోంచి అంది. మొగుడి వైపు చూడలేదు. "ఏప్రిల్ అనే అన్నారు. నేనున్నాను."

విశ్వనాథం గారు టీవీ ఆపేశారు. నాయనమ్మ మాయమైంది. "ఉండండి. ఎవరు కాదన్నారు," అన్నారు గోడతో.

"ఊరికే నోటితో అంటే అప్పటి సంగతి వేరంటారు. మెసేజ్ పెట్టండి అంకుల్. పెట్టాకే కిందికి వెళ్తాను."

అంతమంది చూస్తుండగా ఆయన బొటనవేలితో పొడిచి పొడిచి టైపు చేశారు. ఆమె ఫోను చప్పుడు చేసింది.

కింద పాప లేచి ఏడుస్తోంది. బెల్టు విప్పి ఎత్తుకుని, వీపు నిమురుతూ అటూ ఇటూ తిరిగింది. కోపం ఇంకా దిగలేదు. తన వంటతో కడుపు నింపుకున్నవాళ్ళలో ఇద్దరు తప్ప ఎవరూ నోరు విప్పలేదని ఒక కోపం. ఊరుకో అన్న మొగుడి మీద ఒక కోపం. తలపైన కుర్చీ జరిగిన చప్పుడు, గోడ మీంచి ఏదో బరువైంది దింపుతున్న చప్పుడు వినిపించాయి.

ఫోను తీసి నాయనమ్మను దగ్గరికి లాగి చూసింది. ఆ మోచెయ్యి ఎత్తుగా ఉంది. సీటులో కూర్చున్న పిల్ల మోచెయ్యి కాదది. చెక్క మీదుగా కనిపించాలని మునివేళ్ళ మీద లేచి నిలబడింది. పడిపోకుండా నవ్వు ఆపుకుంటోంది. ఎక్కడికీ పోలేదే అంది పాపం, ఉన్నదున్నట్టే చెప్పింది.

గ్రూపు తెరిచి చూసింది. ఆయన రాసిన కూలివాళ్ళ మాట ఇంకా అలాగే ఉంది. దాని కింద తన పేరుతో, తప్పులు వస్తే రానీ అనుకుని, ఇంగ్లిషులో రాసింది: ఈ అమ్మాయి పేరు జానకమ్మ, దర్జీ కూతురు, ఎవరి దయా తీసుకోలేదు.

తర్వాత విశ్వనాథం గారి మెసేజ్ తెరిచింది. 'ఏప్రిల్ ఆఖరు వరకు ఉండవచ్చు.' ఆయన దాన్ని తుడిచేయకముందే స్క్రీన్‌షాట్ తీసి, నాయనమ్మ ఫోటో పక్కన దాచుకుంది.