కుడితి తొట్టి కుక్కల పార్కుకు వచ్చిన వైనం

నేను ఒక కుడితి తొట్టిని. పల్నాటి కొండరాయిని. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. నన్ను చూడవచ్చిన వాళ్లలో సగంమంది సిమెంటుతో పోతపోసిన సరుకనుకుని వేలు మడిచి కొట్టి చూస్తారు. వేలు నొప్పి పుట్టాక గాని నమ్మరు. మనుషుల తెలివి అంతే, దెబ్బ తగిలితే గాని ఒంటబట్టదు.

నన్ను చెక్కినవాడు పోలయ్య. క్వారీలో పెద్దబండ పగిలినప్పుడు పక్కకు దొర్లిన రాయిని నేను. ఎవరింటి పునాదిలోకో పోవలసినదాన్ని. పోలయ్య ఎండలో కూర్చుని ఉలితో నా కడుపు తొలిచాడు. పని చేస్తున్నంతసేపూ అన్నం ఆలస్యంగా తెచ్చిందని పెళ్లాన్ని తిట్టుకుంటూనే ఉన్నాడు. ఆ కోపంతో ఒక మూల కాస్త లోతుగా దిగింది. తొట్టి ఎంత ఖాళీ చేసినా ఆ మూల నీళ్లు నిలిచే ఉంటాయి. శిల్పి గొప్పతనమంటే అది కాబోలు.

సత్తెనపల్లి పక్కన ఒక రైతు నన్ను కొని గేదెల ముందు వేశాడు. కడుగునీళ్లు, గంజి, తవుడు కలిపి పోసేవాళ్లు. గేదెలు మర్యాద తెలిసినవి. తాగుతాయి, తల ఎత్తుతాయి, పోతాయి. కొన్నేళ్లకు గేదెల్ని అమ్మేశారు, ఇంటికి ప్యాకెట్టు పాలు రావడం మొదలైంది. నన్ను బోర్లించి అరుగు చేసుకున్నారు. నా మీద కూర్చుని, "ఈ ప్యాకెట్లలో పాలెక్కడివిరా, అన్నీ నీళ్లే" అని దేశాన్ని తిట్టేవాళ్లు. గేదెల్ని అమ్మిన నోళ్లే అవి.

ఆ దారిన కారులో పోతూ ప్రభంజన్ అనే పళ్ల డాక్టరు నన్ను చూసి, "యాంటిక్!" అని కేకపెట్టాడు. అలా గుంటూరు వచ్చి ఆయన ఇంటి ముందు తామర తొట్టినయ్యాను. తామరలు పూయలేదు. దోమలు మాత్రం దివ్యంగా పెరిగాయి. డాక్టరుగారి భార్య, ఈ రాయో నేనో తేల్చుకోమంది. సరిగ్గా అప్పుడే శేషావతారం అనే ఆయన కుక్కల పార్కుకు విరాళాలడుగుతూ గేటు దగ్గరకొచ్చాడు. నన్ను వదిలించుకునే దారి దొరికింది. డాక్టరుగారు గుండె మీద చెయ్యి వేసుకుని, "సమాజం కోసం ఈ మాత్రం చెయ్యకపోతే ఎలాగండీ" అన్నాడు. నా నుదుటి మీద ఎర్ర రంగుతో 'దాత: డాక్టర్ ప్రభంజన్' అని రాయించి మరీ పంపాడు.

కుక్కల పార్కంటే కుక్కల్ని గొలుసు విప్పి వదిలే చోటు. కాలనీ చివర మున్సిపాలిటీ ఖాళీ స్థలం ఒకటి సర్కారుతుమ్మతో, ఇళ్లు కూల్చిన రాళ్లతో నిండి ఉండేది. దాన్ని బాగుచేసి, చుట్టూ కంచె వేసి, కుక్కల్ని పరుగెత్తనివ్వాలని సంకల్పం. ఇన్నాళ్లూ కుక్కలకు పరుగెత్తడానికి ఊరంతా ఉండేది. ఊరంతా ఇళ్లు కట్టేసి, ఇప్పుడు కుక్క పరుగెత్తే చోటు కోసం కమిటీ వేసుకున్నారు. ఆ కమిటీ మొదటి సమావేశం నా చుట్టూ నిలబడే జరిగింది. పొద్దంతా పార్కు పేరు మీద వాదించుకున్నారు. మొదటి ఆదివారం టోపీలు, చేతి తొడుగులు, కొత్త పారలతో పెద్ద గుంపే వచ్చింది. ఫోటోలు దిగారు. టిఫిన్ల వేళకు పారలు మిగిలాయి, మనుషులు లేరు.

చివరిదాకా నిలబడింది ఇద్దరే. ఒకరు శేషావతారం. బీమా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన లాబ్రడార్ సీజర్ పుట్టినప్పటినుంచీ కారు షెడ్డులో గొలుసుతోనే బతికింది. పెట్టిందల్లా తిని పిప్పళ్ల బస్తాలా తయారైంది. పశువుల డాక్టరు, "దీని గుండె కొవ్వులో మునిగిపోతోందండీ. గొలుసు విప్పి పరుగెత్తిస్తే బతుకుద్ది, లేకపోతే లేదు" అని తేల్చి చెప్పాడట. రోడ్డు మీద వదిలితే బండ్లు. అందుకని ఈ పార్కు.

రెండో మనిషి హైమావతి. మేడ మీద అద్దె వాటాలో ఉంటూ జాకెట్లు కుడుతుంది. వానలో దొరికిన ఊరకుక్క పిల్లను పెంచి, రంగును బట్టి బెల్లం అని పేరు పెట్టుకుంది. కిటికీ చువ్వకు కట్టేస్తే బెల్లం పగలంతా మొరిగేది. ఇంటి ఓనరు, నెలాఖరుకల్లా కుక్కైనా పోవాలి, నువ్వైనా పోవాలి అన్నాడు. ఒంట్లో ఉబలాటం తీరేదాకా పరుగెత్తితే అదే నోరు మూసుకుంటుందని ఆమె ఆశ.

ఆ ఇద్దరే తుమ్మ కొట్టారు, రాళ్లు మోశారు. హైమావతి అరచేతుల్లో ముళ్లు విరిగాయి. కంచె వల వచ్చాక, జాకెట్టుకు హుక్సు కుట్టినట్టు, స్తంభానికి స్తంభానికి తీగ ముడులు ఆమే వేసింది.

ఆ వల ఇచ్చింది పరంధామ్ అనే బిల్డరు. ఏసీ గదిలో పడుకునే హస్కీ కుక్క ఉంది ఆయనకు. వల బిగింపు ముగింపుకొచ్చాక తీరిగ్గా వచ్చి, "ఊరకుక్కల్ని రానిస్తే రోగాలొస్తాయండీ. జాతి కుక్కలకే అని పెట్టేయండి" అన్నాడు. మర్నాడే గేటుకు బోర్డు వేలాడింది: 'జాతి కుక్కలకు మాత్రమే. ఊరకుక్కలకు ప్రవేశం లేదు.'

"మరి నా బెల్లం సంగతేందండీ?" అని అడిగింది హైమావతి.

శేషావతారం ఆమె మొహం చూడలేదు. "కంచె ఆయనది కదమ్మా. ముందు ఓపెనింగు కానీ, తరవాత చూద్దాం."

ఆమె చేతిలో ఉన్న ముడి పూర్తి చేసి, పట్టకారు సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. శేషావతారం నా గట్టు మీద కూర్చుని సీసా ఎత్తి నీళ్లు తాగాడు. రాయిని కాబట్టి ఊరుకున్నాను.

ప్రారంభోత్సవం నాడు షామియానా, మైకు, పెద్ద ఫ్యాను. కార్పొరేటరు రిబ్బను కత్తిరించాడు. "వదలండి!" అనగానే అందరూ ఒక్కసారే గొలుసులు విప్పారు.

ఒక్క కుక్క కూడా కదలలేదు.

హస్కీ ఫ్యాను ముందుకు పోయి పడుకుంది. బొచ్చుకుక్క ఒకటి యజమానురాలి చీర పట్టుకుని ఎత్తుకోమని ఏడ్చింది. సీజర్ శేషావతారం చెప్పుల మీద కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక గొలుసు పొడవును మించి అడుగు వేసినవి కావు, పరుగంటే ఏమిటో వాటికెవరు చెప్పారు? ఇంతమంది చదువుకున్న వాళ్లు ఇన్ని సమావేశాలు పెట్టుకుని, ఈ ముక్క ఆలోచించలేదు.

"ఏందండీ, ఇవి పరుగెత్తవా?" అన్నాడు కార్పొరేటరు. ఫోటోగ్రాఫరు కెమెరా దించేశాడు.

శేషావతారం పంచె ఎగగట్టి తనే పరుగు అందుకున్నాడు. "ఇట్టా రా నాన్నా! ఇట్టా, ఇట్టా!" అంటూ కంచె చుట్టూ తిరిగాడు. సీజర్ చూసి చూసి ఆవులించింది. జనం విరగబడి నవ్వారు. నవ్వగలిగితే నేనూ నవ్వేదాన్ని.

కంచె బయట, చూడవచ్చిన వాళ్ల మధ్య, హైమావతి బెల్లాన్ని పట్టుకుని నిలబడి ఉంది. బెల్లం గొలుసు తెంపుకునేలా గుంజుతోంది. శేషావతారం రొప్పుతూ అక్కడ ఆగాడు.

"అమ్మా హైమా, దాన్ని లోపలికి వదులమ్మా. దాన్ని చూసైనా ఇవి కదులుతాయి."

"బోర్డు చదివే బయట నిలబడ్డానండీ."

"ఒక్కసారికేనమ్మా."

"ఒక్కసారికైతే రాను. బోర్డు తీసేస్తే వస్తా."

షామియానాలోంచి పరంధామ్, "శేషావతారం గారూ, కంచె ఎవరిదో గుర్తుపెట్టుకోండి" అని అరిచాడు.

శేషావతారం వెనక్కి తిరిగి సీజర్ వంక చూశాడు. అది కూర్చున్నచోటే ఆయాసపడుతోంది. ఆయన కంచె పైనుంచి చెయ్యి చాపాడు.

"పట్టకారు ఉందామ్మా నీ దగ్గర?"

హైమావతి సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆయన గేటు దగ్గరకు పోయి, అంతమంది చూస్తుండగా తీగ మెలికలు విప్పి బోర్డు కిందపడేశాడు. "మీ వల కావాలంటే ఇప్పుడే విప్పుకుపోండి పరంధామ్ గారూ, ఇదుగో పట్టకారు" అన్నాడు. కార్పొరేటరు పక్కనే ఉండటంతో పరంధామ్ నవ్వు మొహం పెట్టుకున్నాడు. ఆ మాట అనగలిగినవాడు బోర్డు కట్టనిచ్చేముందే అనొచ్చుగా! మనుషులకు వెన్నెముక ఉంటుందట. అవసరం నెత్తిమీదికొచ్చేదాకా ఎక్కడ దాచుకుంటారో.

బెల్లం లోపలికి వచ్చింది. నేలకు కాలు ఆనించకుండా స్థలమంతా రెండు చుట్లు కొట్టి, హస్కీ మీదుగా దూకింది. హస్కీ లేచింది. బొచ్చుకుక్క దిగింది. కాసేపటికి అన్నీ దుమ్ము లేపుకుంటూ దాని వెంటపడ్డాయి. సీజర్ ఒక్కటే కదల్లేదు.

మర్నాడు పేపర్లో కార్పొరేటరు, పరంధామ్ నవ్వుతున్న ఫోటో వచ్చింది. కింద 'జాతిభేదం లేని పార్కు' అని రాశారట. ఆ ఆలోచన మొదటినుంచీ తనదేనని పరంధామ్ ఇప్పటికీ నా ముందే చెబుతుంటాడు. నెలాఖరుకు ఓనరు మేడెక్కి, చప్పుడు లేకపోయేసరికి, "వదిలేశావా దాన్ని?" అని అడిగాడట. "మిషను కింద నిద్రపోతోందండీ" అందట హైమావతి. ఆమె ఆ వాటాలోనే ఉంది.

శేషావతారం రోజూ సీజర్‌ని తెచ్చేవాడు. గొలుసు విప్పితే అది వచ్చి నా నీడలో కూలబడేది. ఆయన బతిమాలేవాడు, బిస్కెట్టు చూపేవాడు, చివరికి తనూ పక్కనే చతికిలబడేవాడు. ఒకరోజు, "నేనే కదురా నిన్నిట్టా చేశాను" అన్నాడు మెల్లగా. దానికి ఎగతాళి ఏదో అందామనుకున్నాను. తోచలేదు.

ఒక సాయంత్రం వాన వెలిసింది. పార్కులో ఆయన, హైమావతి తప్ప ఎవరూ లేరు. బెల్లం ఆయన చెప్పు నోట కరుచుకుని పారిపోయింది. సీజర్ చెవులు రిక్కించింది. లేచింది. అడుగు వేసి, ఇంకో అడుగు వేసి, పరుగు మొదలుపెట్టింది. బరువుగా, వంకరగా, బురదలో జారి పడి, మళ్లీ లేచి, ఆ మూలనుంచి ఈ మూలకు.

శేషావతారం పిలవబోయి మానుకున్నాడు. ఒంటి చెప్పుతో నా దగ్గరకొచ్చి, వంగి, దోసిళ్లతో నీళ్లు మొహాన కొట్టుకున్నాడు. కాలనీ కుక్కలన్నీ నాలుకలు పెట్టిన నీళ్లవి.

"అయ్యో, అవి కుక్కలు తాగిన..." అంటూ వచ్చిన హైమావతి ఆయన మొహం చూసి ఆగిపోయింది.

ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"చల్లగా ఉన్నాయమ్మా" అన్నాడు.