కుడి చక్రంలో మోత

మా పాత వ్యాగన్ ముందు చక్రాల దగ్గర మళ్లీ మోత మొదలయింది. వేగం పెరిగితే తేనెటీగల పట్టులా హూమని మూలుగుతుంది, నెమ్మదిస్తే ఆగిపోతుంది. పోయిన చెరకు కోతలప్పుడే రెండువైపులా కొత్త బేరింగులు వేశాం. ఇంత తొందరగా ఎందుకు పోతాయో నాకు అంతుపట్టలేదు.

నా భార్య మకెరేతా లంబాసా ఆసుపత్రిలో నర్సు. సోమవారం నుంచి ఆమెకు పొద్దుటి డ్యూటీ. చీకటితోనే బయలుదేరి, ఒక్కతే మా ఊరి కొండ దిగాలి. దిగుడులో చక్రం పట్టేస్తే? ప్రార్థన చేశాను. చేస్తుంటే, నాకు చెవులిచ్చిన దేవుడు బేరింగు చప్పుడు కూడా తానే వచ్చి వినాలా అనిపించింది. శనివారం బండిని నా బావమరిది ఇసికెలి మెకానిక్ షెడ్డుకి తోలుకెళ్లాను.

"ఏం బావా, చర్చిలో పాడింది చాలక బండికి కూడా పాట నేర్పుతున్నావా?" అన్నాడు.

"పాట కాదురా, మీ అక్క ప్రాణం. సరిగ్గా విను."

"అక్క ప్రాణం గట్టిది. నిన్ను చేసుకుని కూడా ఇన్నేళ్లు ఉంది."

మా వైపు బావా బావమరుదులు ఒకరినొకరు ఇలాగే ఆటపట్టించుకోవాలి. ఎవరైనా ఊరుకున్నారంటే ఏదో అయిందని అర్థం.

టైర్లు ఎగుడుదిగుడుగా అరిగాయి, చప్పుడు వాటిదే అన్నాడు. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి రోడ్డెక్కాం. చప్పుడు కదల్లేదు, ముందే ఉంది. ఈసారి నన్ను తోలమని, వాడు కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఎడమ మలుపులో మోత పెరిగింది. కుడి మలుపులో దాదాపు పోయింది.

"ఎడమకి తిప్పితే బరువంతా కుడి చక్రం మీద పడుతుంది. కుడిదే బావా."

షెడ్డులో కుడి చక్రాన్ని జాకీతో ఎత్తాం. పైనా కిందా పట్టి ఊపితే ఊగలేదు. చేత్తో తిప్పితే చప్పుడు లేదు. బాగానే ఉందిగా అన్నాను. వాడు నా చేతిని లోపలి స్ప్రింగు మీద పెట్టించి చక్రం తిప్పాడు. గురగురలాడే పిల్లి పొట్టలా స్ప్రింగు నా అరచేతిలో వణికింది. ఎడమవైపు స్ప్రింగులో ఆ వణుకు లేదు.

చక్రం విప్పి, మూత తీసి, నట్టు వదులుచేసి బేరింగు బయటికి లాగాడు. గ్రీజు పిండిన కొబ్బరిపాలలా తెల్లగా ఉంది. లోపల తుప్పు చుక్కలు.

"నీళ్లు. ఏట్లో దింపావా?"

"నేనా? ఇంటి ముందు బకెట్టుతోనేగా కడుగుతాను!"

"మరి ఎవరెవరు తీసుకెళ్లారు?"

అడిగినవాళ్లందరూ తీసుకెళ్లారు. అయినవాళ్లు వచ్చి అడిగితే లేదనడం మాకు లేదు. "చేమదుంపలకి మీ చిన్నాన్న. చావింటికి కానుక చాపలు మోయడానికి పై ఊరివాళ్లు. మొన్న పెళ్లికి నువ్వు."

"తిరిగి ఎలా తెచ్చారు?"

"అద్దంలా కడిగి తెచ్చారు."

ఇసికెలి ఏమీ అనలేదు. చేతులు తుడుచుకుంటూ చాలాసేపు ఆ గ్రీజు వైపే చూశాడు.

"ఏటి రేవు కుడివైపుకి లోతు బావా," అన్నాడు చివరికి. "దూరం నుంచి వచ్చి, కాలిపోతున్న చక్రాలతో కడగడానికి నేరుగా ఏట్లోకి దింపుతాం. వేడిమీదున్న హబ్బు ఒక్కసారి చల్లబడితే సీలు సందుల్లోంచి నీళ్లు లోపలికి లాక్కుంటుంది. పెళ్లి నుంచి వచ్చిన రోజు చుయ్యిమంది. నా చెవులతో నేనే విన్నాను. మెకానిక్‌ని!"

"మరెందుకు దింపావురా?"

"మట్టి బండి తెచ్చిస్తే అక్క నన్ను బతకనిస్తుందా?"

ఇద్దరం నవ్వాం. నవ్వాక కూడా నాకు మనసులో ఏదో మిగిలింది. అడిగినవాడికి ఇవ్వడం మంచిదే. తీసుకున్నది కడిగివ్వడమూ మంచిదే. ఈ రెండు మంచి పనులూ కలిసి ఒక మనిషిని కొండ మీంచి తోసేవేనా? దేవుణ్ణి అడగాల్సిన ప్రశ్నో, రేవును అడగాల్సిన ప్రశ్నో తెలియలేదు.

సాయంత్రానికి రెండువైపులా కొత్త బేరింగులు, కొత్త సీళ్లు వేశాం.

"కడగొద్దని చెబితే ఇక ఇవ్వనంటున్నానని బాధపడతారు," అన్నాను.

"నా మీదికి తోసెయ్. మట్టి లేని బండి ముట్టనని ఆ పిచ్చి మెకానిక్ ఒట్టు పెట్టుకున్నాడని చెప్పు."

ఆదివారం చర్చి అయ్యాక నేను చెప్పేలోపే వాడే అందరి ముందూ తన తప్పు నవ్విస్తూ చెప్పేశాడు. వాళ్ల చిన్నాన్న మాత్రం నవ్వకుండా నేలచూపులు చూశాడు.

సోమవారం చీకట్లో మకెరేతా తాళాలు తీసుకుంటే నేనూ ఎక్కి కూర్చున్నాను.

"నువ్వెక్కడికి?"

"ఆ ఎడమ మలుపు దాకా."

కిటికీ దించి తల బయటపెట్టాను. ఎడమ మలుపు వచ్చింది, పోయింది. గాలి చప్పుడే.

"విన్నావుగా?"

"ఇంకొక్క మలుపు."

"ఆసుపత్రి దాకా వింటావా ఏం? దిగు. వెళ్లి పిల్లలకి టీ కాచు."

బండి ఆపింది. దిగాను. ఆమె కింది మలుపులన్నీ దాటేదాకా రోడ్డు పక్కన నిలబడి విన్నాను. ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.