లోవలక్ష్మి భిక్షవంట

భీమరాజు ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటాడు. ఊరు మండపేట పక్కన. వరి సాగు. పెళ్ళయిన నాటి నుంచి అతని భార్య లోవలక్ష్మి దీక్ష రోజుల్లో నెలసరి రాగానే బట్టలు సర్దుకుని ద్రాక్షారామంలో అక్క ఇంటికి వెళ్ళేది. నెలసరి ఆగిపోయాక ఆ ప్రయాణమూ ఆగింది. అప్పటినుంచి ఊళ్ళో స్వాములందరికీ మధ్యాహ్నం భిక్ష ఆమే వండుతోంది. "మన ఊళ్ళో అన్నపూర్ణ ఎక్కడుందంటే ఈ ఇంట్లో ఉందండి" అని గురుస్వామి పెదబాబు పీట మీద కూర్చుని అన్నాడు. నలుగురిలో ఆమె గురించి ఎవరైనా అలా అనడం అదే మొదలు.

కిందటి ఏడు ఆ వంట ఆమె చేతిలోంచి జారడం మొదలైంది. పొయ్యి ముందు నిలబడితే ఛాతీలో పుట్టిన వేడి మెడకీ ముఖానికీ పాకేది. జాకెట్టు తడిసిపోయేది. పెరట్లోకి పోయి కుళాయి కింద తల పెట్టేది.

"ఏంటే, మాల వాడు ఏసుకుంటే స్నానాలు నువ్వు చేస్తన్నావ్?" అనేది అత్త బుల్లెమ్మ. "మాకు రాలేదా ఆ వయసు? మేం కూరలు మాడ్చామా?"

రాత్రిళ్ళు నిద్ర లేదు. ఒకనాడు సాంబారు గుండిగ దించుతుంటే కళ్ళు తిరిగాయి. చెయ్యి కాలింది. ఆ పూట స్వాములు పెరుగన్నం తిని లేచారు.

రాజమండ్రిలో డాక్టర్ దేవిశ్రీ మొదట హార్మోను లేని మాత్ర ఇచ్చింది. దానికి కడుపులో తిప్పి లోవలక్ష్మి మానేసింది. ఈ ఏడు దసరా ముందు మళ్ళీ వెళ్ళింది. భీమరాజు వరండాలో కూర్చున్నాడు. బీపీ, రక్తం, స్కానింగ్, రొమ్ము ఎక్స్‌రే అన్నీ చూశాక డాక్టర్ చెప్పింది.

"మీకు హార్మోన్ ఇవ్వొచ్చండి. మాత్ర ఉంది, చర్మానికి అతికించే పట్టీ ఉంది, రాసుకునే జెల్ ఉంది. మీకు కాళ్ళ నరాలు తేలాయి కాబట్టి మాత్ర కన్నా జెల్ మేలు. దాంతో రక్తం గడ్డకట్టే భయం తక్కువ. గర్భసంచి ఉంది కాబట్టి దానికి రక్షణగా రాత్రి ఇంకో క్యాప్సూల్ వేసుకోవాలి. అది మానకూడదు."

లోవలక్ష్మి ఒక్కటే అడిగింది. "మళ్ళీ బయట చేరతానాండి?"

"నెలనెలా రాదండి. మొదటి ఆర్నెల్లలో అప్పుడప్పుడూ కాస్త కనిపించొచ్చు. కొందరికి అదీ ఉండదు."

"ఎప్పుడు కనిపిస్తాదో చెప్తారాండి?"

"అది ఎవరూ చెప్పలేరండి. మీకంత ఇబ్బందైతే సంక్రాంతి వెళ్ళాక మొదలుపెడదాం."

"అప్పటిదాకా పొయ్యి దగ్గర నిలబడలేనండి. దానికోసమే కదండి వచ్చింది."

వరండాలోకి వచ్చి భర్తకు అంతా చెప్పింది. అతను విన్నాడు. "నీ ఇష్టం" అన్నాడు.

ఆమె జెల్ మొదలుపెట్టింది. భీమరాజు మాల వేసుకునే నాటికి నిద్ర పడుతోంది. వేడి వచ్చినా పొయ్యి వదిలి పోవాల్సిన పని పడలేదు. పప్పు, రెండు కూరలు, సాంబారు, పరవాన్నం వేళకి దిగుతున్నాయి. దీక్షలో భార్యను కూడా మాత అనే పిలవాలి. "మాతా, పులిహోర అదిరింది" అన్నాడు భీమరాజు ఒకరోజు. "స్వాములు తిండిని పొగడకూడదంట స్వామీ" అందామె. అందరూ నవ్వారు.

వాళ్ళింట్లో పడిపూజ పెట్టుకున్న రోజు పొద్దున, అన్నం వార్చి స్నానాల గదిలోకి వెళ్ళింది. లంగా మీద మరక కనిపించింది. రూపాయి బిళ్ళంత.

పొయ్యి ఆపడానికి కూడా మళ్ళీ వంటగదిలోకి వెళ్ళలేదు. పెరటి గుమ్మం బయట నిలబడి అత్తను పిలిచి చెప్పింది.

బుల్లెమ్మ గొంతు తగ్గించింది. "ఎవరడిగారే నిన్ను? గుడ్డ పెట్టుకుని వండితే ఆ అయ్యప్ప దిగొచ్చి చూస్తాడా?"

"తినేది వాళ్ళు కదండి అత్తయ్యా. తెలిసీ ఎలా పెట్టనండి?"

అప్పటికే భీమరాజు వినేశాడు. అయిదడుగుల దూరంలో ఆగిపోయాడు. లోవలక్ష్మి డాక్టర్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టి కుళాయి గట్టు మీద ఉంచింది.

"అది నెలసరి కాదండి" అంది డాక్టర్. "మందుకి గర్భసంచి లోపలి పొర కాస్త ఊడుతుంది. ఇది మేం అనుకున్నదే. ఎక్కువైతే రండి, లేకపోతే వాడుతూనే ఉండండి."

పెదబాబు వచ్చాడు. అతనికీ అదే మాట వినిపించారు. గడ్డం నిమురుకున్నాడు.

"డాక్టరమ్మ గారు చెప్పింది తప్పని నేననను మాతా. కానీ మందు వల్ల వచ్చిన రక్తానికి వేరే నియమం ఉందని మా గురుస్వామి నాకు చెప్పలేదు. చెప్పనిది నేనెలా చెప్పను?"

వండిందంతా పశువుల తొట్టెలో పోయించారు. పూజ ఆపడానికి లేదు, పిలుపులు అయిపోయాయి. ఎదురింటి ముసలమ్మ చిట్టెమ్మ వచ్చి వంటిల్లు కడిగి, కొత్తగా ఎసరు పెట్టింది. భీమరాజు భార్యకు దూరంగా నిలబడి, "మందు వాడతావో మానతావో నీ ఇష్టం మాతా" అన్నాడు. గొంతులో కోపం లేదు. ద్రాక్షారామానికి ఆటో మాట్లాడటానికి వెళ్ళాడు.

లోవలక్ష్మి గట్టు మీద కూర్చుని మళ్ళీ ఫోన్ చేసింది.

"మానేస్తే ఇది ఆగిపోద్దాండి?"

"కొన్నాళ్ళకి ఆగుతుందండి. ఆ వేడీ, నిద్ర పట్టకపోవడం కూడా తిరిగొస్తాయి."

"ఏది ముందండి? ఇది ఆగడమా, అవి తిరిగి రావడమా?"

డాక్టర్ చెప్పబోతుండగా లోపలి నుంచి చిట్టెమ్మ కేకేసింది, బెల్లం ఎక్కడ పెట్టావే అని. లోవలక్ష్మి ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, కిటికీ వైపు తిరిగింది.

"పై అరలో పిన్నీ. స్టీలు డబ్బా వెనకాల."