పెట్టె దగ్గర తీసిన ఫోటోలు

మధ్యాహ్నం రెండయ్యేసరికి మాణిక్యం అమలాపురంలో మూడో స్టూడియో మెట్లెక్కింది. మొదటిచోట కెమెరా సంచీ జిప్పు కూడా తియ్యనివ్వకుండా "ఇప్పుడన్నీ కొత్త మోడళ్ళేనమ్మా" అన్నారు. రెండోచోట పన్నెండు వేలన్నారు. రెండు లెన్సులూ ఫ్లాషుతో కలిపి ఆరేళ్ళ కిందట తొంభై రెండు వేలు పోసి కొన్న కెమెరా అది. పన్నెండు వేలనడానికి ఆ పెద్దమనిషికి నోరెలా వచ్చిందో!

అంబాజీపేటలో ఒకాయన పాత జిరాక్సు మిషను ముప్ఫై అయిదు వేలకి ఇస్తానన్నాడు. సాయంత్రం అయిదు దాకా చూసి ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానన్నాడు. అది చేతికొస్తే పి.గన్నవరంలో మండలాఫీసు ఎదురుగా పెట్టుకుని బతకొచ్చు. పక్షవాతం వచ్చి భర్త ఏసుదాసు కుడిచెయ్యి పడిపోయి ఎనిమిది నెలలైంది. ఆ చెయ్యి ఇక కెమెరా ఎత్తదని డాక్టరు కంటే ముందు అతనే చెప్పాడు. అమ్మెయ్యమన్నదీ అతనే.

ఈ మూడో స్టూడియో నాగదుర్గాప్రసాద్‌ది. పదేళ్ళపాటు ఏసుదాసు ఆయన పంపిన పనులకే వెళ్ళాడు. నాగదుర్గాప్రసాద్ కెమెరా అటూ ఇటూ తిప్పి, లెన్సులు వెలుతురుకి పెట్టి చూసి, కంప్యూటరుకి తగిలించి ఇప్పటికెన్ని ఫోటోలు తీసిందో లెక్క చూశాడు.

"బాగానే ఉంచేడమ్మా మీ ఆయన. ముప్ఫై ఎనిమిది వేలిస్తాను."

మాణిక్యం ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలోనే పొరపాటు చేసింది. "ఎంత బాగా పడతాయో చూడండి," అంటూ కార్డులో ఉన్న ఫోటోలు తెరమీద పెట్టింది. పెట్టె మూత వెయ్యకముందు బంధువులంతా చుట్టూ నిలబడి, పోయిన మనిషితో ఆఖరిసారి తీయించుకున్న ఫోటోలవి. వాళ్ళ పేటలో ఏ ఇంటికెళ్ళినా అలాంటిది ఒకటి ఫ్రేము కట్టి గోడకి ఉంటుంది. ఏడ్చి వాచిన మొహాల్ని కూడా మర్యాదగా తీస్తాడని అందరూ ఏసుదాసునే పిలిచేవారు. అతని పనితనం చూపించడానికి ఇంతకంటే మంచి ఫోటోలు ఆమెకి తెలియవు.

నాగదుర్గాప్రసాద్ చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆ శవాల్ని తీసింది ఈ కెమెరాయేనా? దీంతో పెళ్ళికూతుర్ని తియ్యమంటావా? మా పార్టీలకి తెలిస్తే గుమ్మం ఎక్కరు. ఇరవై వేలు. అదీ నీ మొహం చూసి."

"ఆ పనులకి పంపింది మీరేగదండీ! మా కుర్రోళ్ళు వెళ్ళరు, నువ్వెళ్ళు అనేవోరు. చావింటోళ్ళు రెండు వేలిస్తే ఎనిమిదొందలు మీరుంచుకునేవోరండి. పెళ్ళిళ్ళకి ఒక్కసారన్నా పంపేరా ఆయన్ని?"

"పేట మనుషుల్ని పెళ్ళివారు గదుల్లోకి రానిస్తారేంటమ్మా? నాదేవుంది అందులో?" అన్నాడాయన, ఏమాత్రం నొచ్చుకోకుండా. కాసేపాలోచించి తెల్లకాగితం, పెన్ను బల్లమీద పెట్టాడు.

"సరే, ముప్ఫై ఎనిమిదే ఇస్తాను. కార్డు చెరిపేద్దాం. ఈ కెమెరా ఏనాడూ శవం దగ్గరికి వెళ్ళలేదు, పుట్టినరోజులే తీసేం అని నీ చేత్తో రాసి సంతకం పెట్టు. ఎవరన్నా అడిగితే చూపించుకుంటాను."

మాణిక్యం పెన్ను తీసుకుంది. దాచడమెందుకు, ఆశపడే తీసుకుంది. నోట్లకట్ట డ్రాయరులోంచి బయటికొచ్చింది కూడా. 'నా భర్త ఏసుదాసు' అని రాసింది. ఆ తర్వాత చెయ్యి సాగలేదు. ఆ కార్డులో తన తల్లి మరియమ్మ కూడా ఉంది. ఊడ్పులకీ కోతలకీ కూలికెళ్ళి కూతురికి నాలుగక్షరాలు నేర్పించిన మనిషి. ఆ అక్షరాలతోనే ఇప్పుడు, ఆమె పెట్టె దగ్గరికి ఎవరూ వెళ్ళలేదన్నట్టు రాయాలి. మాణిక్యం పెన్ను బల్లమీద పెట్టేసింది.

"రాయనండి."

"ఆలోచించుకో. పద్దెనిమిది వేలు తేడా."

"మా అమ్మ దగ్గర నిలబడ్డం తప్పని నా చేత్తో నేను రాయనండి."

కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బల్లమీదే వదిలేసింది. కెమెరా సంచీలో సర్దుకుని మెట్లు దిగాక గానీ ఏడుపు రాలేదు. చెంగుతో మొహం తుడుచుకుని టైము చూసుకుంది. మూడున్నర.

రెండు వీధుల అవతల నాలుగో స్టూడియో ఉంది. బల్ల దగ్గర కూర్చున్నావిడ సంచీ వంక చూసి, "ఏమేం తీసేరండీ దీంతో?" అని అడిగింది.

"చావులకి తీసేరండి మా ఆయన," అంది మాణిక్యం. "ముప్ఫై ఎనిమిది వేలు."