మిక్సింగ్ పందెం

పందెం పెట్టింది సోమయాజులు మాస్టారు. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన ఆయన, తిరువూరులో విస్సన్నపేట రోడ్డు మీద కొత్తగా కట్టిన కల్యాణ మండపానికి మేనేజరుగా కుదురుకున్నారు. ఆ వేసవికి ముప్పై రెండు పెళ్ళిళ్ళు బుక్కయ్యాయి. మండపం మాట్లాడుకున్నవాళ్ళకి వీడియో కూడా మండపం తరఫునే తీయించి ఇవ్వాలని యజమానులు తీర్మానించారు. ఆ పనంతా ఒక్కరికే. ఆ ఒక్కరు ఎవరన్నది తేల్చాలి.

ఊళ్ళో పోటీ ఇద్దరి మధ్యే. ఒకరు షైని. జోజప్ప ఫొటో స్టూడియోలో మిక్సింగ్ అంతా ఆయన కూతురిదే. కెమెరా టేపుని కంప్యూటర్లోకి ఎక్కించి, భోజనాల దగ్గర ఆవలించేవాళ్ళని కోసేసి, తలంబ్రాల మీద గులాబీ రేకులు రాల్చి, పాటలు కలిపి డీవీడీగా దింపడమే మిక్సింగ్. ఆమె మెషీను హైదరాబాదులో ఏదో కంపెనీ మూసేస్తుంటే కొనుక్కొచ్చిన వర్క్‌స్టేషన్. లోపల ఒకటి కాదు, రెండు ప్రాసెసర్లు. ఇద్దరు పడితే గానీ లేవదు. ఆన్ చేస్తే పక్కింట్లో పిండిమర మొదలైందనుకుంటారు.

రెండోవాడు పెళ్ళి వీడియోలు తీసే శరత్‌చంద్ర. పదిహేను రోజుల కిందట, 2008 ఏప్రిల్ మొదట్లో, విజయవాడ వెళ్ళి ల్యాప్‌టాప్ కొనుక్కొచ్చాడు. దాని చిప్పు సరికొత్తదనీ, షైని మెషీనుకి పింఛను పెట్టే వయసొచ్చిందనీ బజారంతా చెప్పుకుంటున్నాడు.

షైనికి ఈ పందెం ఆషామాషీ కాదు. మండపం పని రాకపోతే మెషీను అమ్మేసి షాపులో సెల్ రీఛార్జులు పెడతానని జోజప్ప తేల్చేశాడు. ఆమె ఎడ్‌సెట్ రాసి, బీఎడ్ చేసి, టీచరు కావాలి. దరఖాస్తు తెచ్చి ఇంట్లో పెట్టాడు కూడా. వాళ్ళమ్మ హన్నమ్మ టీచరు, పెద్దమ్మ టీచరు, బాబాయి టీచరు. షైనికి మాత్రం నల్లబల్ల చూస్తే కళ్ళు మూతలు పడతాయి.

షరతులు తేలిక. ఒకే పెళ్ళి, ఒకే గంట టేపు. ముందురోజే ఇద్దరూ ఎక్కించుకుని, కోతలూ పాటలూ పూర్తి చేసుకున్నారు. ఇక దింపడమే తరువాయి. మండపం ఆఫీసులో పదింటికి మొదలు. పన్నెండింటికి కరెంటు కోత. ఈలోగా డిస్కు ఎవరు ముందు మాస్టారి చేతిలో పెడితే మండపం వాళ్ళది.

మొదలుపెట్టే ముందు మాస్టారి భార్య అలివేలుమంగ వచ్చింది. కొత్త వస్తువుని వట్టి బల్ల మీద పెట్టడం ఆమెకి నచ్చలేదు. బొంత తెచ్చి నాలుగు మడతలు వేసి, ల్యాప్‌టాప్‌ని దాని మీద కూర్చోబెట్టి, మూతకి పసుపు రాసి బొట్టు పెట్టింది. షైని మెషీనుకీ బొట్టు పెట్టింది గానీ, దాన్ని బొంత మీదికి ఎత్తేవాళ్ళు లేక గచ్చు మీదే వదిలేసింది.

పది దాటి ఇరవై నిమిషాలు. ల్యాప్‌టాప్ పావువంతు పని పూర్తిచేసింది. వర్క్‌స్టేషన్ పధ్నాలుగు శాతం దగ్గర ఈడుస్తోంది. శరత్‌చంద్ర కుర్చీలో వెనక్కి వాలాడు.

"షైనీ, మీ స్టూడియో బోర్డు అమ్ముతారా? రేకు బావుంది."

ఆమె తెర మీద ఒక మూల చూస్తోంది. రెండు ప్రాసెసర్లలో ఒకటే చెమటోడుస్తోంది, రెండోది తీరిగ్గా కూర్చుంది. పనంతా ఒకే ముక్కగా ఇస్తే ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కదానికే అప్పగిస్తుంది. వయసు మీద పడ్డ ఆ ఒక్కటీ ల్యాప్‌టాప్ చిప్పు కంటే నిదానం.

షైని పని ఆపేసింది. ఇరవై నిమిషాల కష్టం గంగలో కలిసింది. వెనక నిలబడ్డ జోజప్ప గోడ గడియారం వైపు చూశాడు. ఆమె పెళ్ళిని జీలకర్ర బెల్లం దగ్గర రెండు ముక్కలు చేసి, సాఫ్ట్‌వేర్‌ని రెండుసార్లు తెరిచి, తలా ఒక ముక్క అప్పగించింది. పదీ ఇరవై అయిదుకి రెండు ప్రాసెసర్లూ కలిసి పరుగందుకున్నాయి. పిండిమర మోత రెట్టింపైంది.

పదకొండు కావస్తుండగా అసలు వింత జరిగింది. ల్యాప్‌టాప్ నడక మానేసి పాకడం మొదలుపెట్టింది. నలభై తొమ్మిది. చాలాసేపటికి యాభై. లోపలి చిన్న ఫ్యాను ఈలలు వేస్తోంది. శరత్‌చంద్ర కుర్చీలోంచి ముందుకి వంగాడు. అటు వర్క్‌స్టేషన్‌లో రెండు ముక్కలూ సగం దాటాయి.

సంగతి షైనికి ఎప్పుడో అర్థమైంది. ల్యాప్‌టాప్ గాలి పీల్చేది అడుగు నుంచి. ఆ అడుగు బొంతలో కూరుకుపోయింది. వేడెక్కిన చిప్పు కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటోంది. ఆమె నోరు మెదపకపోతే చాలు, మండపం ఆమెది.

శరత్‌చంద్ర లేచి కుండ దగ్గరికి వెళ్ళాడు. తువ్వాలు నీళ్ళలో ముంచి, పిండి, ల్యాప్‌టాప్ మీద కప్పబోయాడు.

"ఆగండి శరత్ గారూ. తడిగుడ్డ వేస్తే చచ్చూరుకుంటుంది."

"మరి ఏం చెయ్యమంటావ్? పెనంలా కాలిపోతోంది."

షైని ఒక్క క్షణం తండ్రి వైపు చూసింది. "కింద బొంత తీసేయండి. నాలుగు మూలలా నాలుగు గ్లాసులు బోర్లించి వాటి మీద పెట్టండి. గాలి ఆడితే అదే పుంజుకుంటుంది."

అలివేలుమంగ నొచ్చుకుంటూనే వంటింటి నుంచి గ్లాసులు తెచ్చింది. పది నిమిషాల్లో ల్యాప్‌టాప్ మళ్ళీ లేడిపిల్లయింది. జోజప్ప కూతురి చెవి దగ్గర వంగి, ఇప్పుడా ధర్మపన్నాలు అని గొణిగాడు.

పదకొండూ యాభైకి శరత్‌చంద్ర డిస్కు మాస్టారి చేతిలో పడింది. షైని రెండు ముక్కలూ అతికించి, డిస్కు చేసి ఇచ్చేసరికి యాభై మూడు. మూడు నిమిషాలు. మాస్టారు లెక్కల మనిషి, మాట తప్పలేదు. మండపం శరత్‌చంద్రకి ఇచ్చేశారు.

ఇంటికెళ్ళాక జోజప్ప దరఖాస్తు తీసి నింపడం మొదలుపెట్టాడు. ఫొటో కూడా తన స్టూడియోలోనే తీసి, తానే అంటించాడు.

వారం తర్వాత, దరఖాస్తుకి ఆఖరి రోజు. మండపం కింది హాల్లో రెండు, పై హాల్లో రెండు, నిన్న ఒక్కరోజే నాలుగు పెళ్ళిళ్ళు జరిగాయి. విజయవాడ వెళ్ళి దరఖాస్తు ఇచ్చి రావడానికి జోజప్ప చొక్కా వేసుకుని, సంతకం కోసం షైనికి పెన్ను అందించాడు. అప్పుడే శరత్‌చంద్ర సంచీ భుజాన వేసుకుని షాపు మెట్లెక్కాడు.

"గ్లాసుల మీద పెట్టాను, ఫ్యాను కింద పెట్టాను. ఒక టేపు ఝామ్మని అయిపోతుంది. రెండోదానికి వేగం సగమే. మూడోదానికి దానంతటదే ఆగిపోతోంది," అన్నాడు. "రాత్రంతా మేలుకున్నా ఒక్క టేపే తేలింది, ఒక్క పెళ్ళీ పూర్తి కాలేదు. ఇవాళే డీవీడీ కావాలని పెళ్ళివాళ్ళు మాస్టారి మీద పడుతున్నారు."

"ల్యాప్‌టాప్ చేసిన తప్పేం లేదు," అంది షైని. "అరచెయ్యంత చోటులో ఎంత వేడని ఓర్చుకుంటుంది? నాదానికి పరుగు రాదు. కానీ దీని పెట్టెలో గాలి తిరుగుతుంది, పొద్దున ఎంత వేగమో సాయంత్రమూ అంతే. రెండు టేపులు ఒకేసారి పెట్టినా గొణగదు."

"అందుకేగా వచ్చాను. ఈ నాలుగూ చేసిపెట్టు."

"నాలుగు కాదు. ముప్పై రెండూ. తీయడం మీరు, మిక్సింగ్ నేను. డిస్కు మీద మా స్టూడియో పేరు. మాస్టారికి మీరే చెప్పాలి."

"మరి నా పేరు?"

"మాదాని కింద. అదే సైజులో వేస్తాను లెండి."

శరత్‌చంద్ర కాసేపు మెషీను వైపు, కాసేపు సంచీ వైపు చూశాడు. సంచీ దించి కౌంటరు మీద పెట్టాడు. షైని మొదటి రెండు టేపులు పైకి తీసింది.

"సంతకం, అమ్మాయ్," అన్నాడు జోజప్ప, ఆఖరి ప్రయత్నంగా. "బస్సు వెళ్ళిపోతుంది."

"వెళ్ళనీ నాన్నా. ఖాళీ డిస్కులు రెండు డబ్బాలు కావాలి, ముందు అవి పట్రా."

జోజప్ప నిలబడ్డాడు. కూతురు అప్పుడే ఇటు వీపు పెట్టి కూర్చుంది. ఆయన పెన్ను జేబులో పెట్టుకుని, ఏ కంపెనీ డిస్కులు తెమ్మంటావని అడిగాడు.