తోలు ఎండేదాకా

కొలంబో ఓడ ఎక్కాల్సిన ఇందిర కృష్ణలో పుట్టి ఎక్కింది.

యుద్ధం వచ్చి ఓడ ప్రయాణాలు ఆగిపోయాయి. పెళ్లయి ఇరవై రోజులు కాలేదు. మరొకతె అయితే వారం రోజులు మూతి ముడుచుకునేది. ఇందిర హైదరాబాదు కాలేజీలో చదివొచ్చినా, పంచదార చిలక దొరికితే పండగ చేసుకునే రకం. "కొలంబో లేకుంటే ఏమాయె? గద్వాల పక్కనే ఏరుంది, ఏటి నడుమ గడ్డ ఉంది. గదే మన దీవి" అని భర్త కురుమూర్తి అనడమే ఆలస్యం, ఓడ కోసమని కొనుక్కున్న ఎర్ర గొడుగు పట్టుకుని ఆమే ముందు గడప దాటింది. వనభోజనాల కార్తీకం కదా, ఆడబిడ్డ బుజ్జమ్మ పులిహోర గిన్నెతో వెంటబడింది.

రేవులో పుట్టి నడిపే పెంటయ్య కాచుకుని ఉన్నాడు. వెదురు బద్దలు అల్లి, చుట్టూ ఎద్దుతోలు బిగించిన పెద్ద గంప అది. నలుగురు కూర్చుంటే నిండిపోతుంది.

"కప్తాన్ సాబ్, జహాజ్ తయారేనా?" అన్నాడు కురుమూర్తి.

"ముసలోణ్ణి నవ్వులపాలు చేయకు దొరా. జర రెండు మాటలు ఇనుండ్రి. పుట్టిల ఎవ్వలు లేసి నిలబడొద్దు. గట్టు చేరినంక తోలు ఎండాలె. ఒక దాటు, ఒక ఎండు. నానిన తోలు ఉడికిన ఆలుగడ్డ లెక్క. కాలు పెడితే దిగుతది."

"ఓడను కూడా వడియాల్లాగా ఎండబెడతారా!" ఇందిర చప్పట్లు కొట్టింది.

పెంటయ్య ఎండు సొరకాయ బుర్ర ఒకటి తీశాడు. నడుముకు కట్టుకుంటే నీళ్లలో తేలుస్తుంది. ఉన్నది ఒక్కటే. ఈత మొగుడికీ రాదు, పెళ్లానికీ రాదు. కురుమూర్తి దాన్ని ఇందిర నడుముకు కట్టి, ముడి మీద ముడి, దాని మీద మరో ముడి వేశాడు.

"మెడలో వేసినవి చాలలేదా?" అంది ఇందిర.

"అవి ఊరి ముందర ఏసినవి. ఇవి ఏటి ముందర."

"అన్నా, మేం కూడా ఉన్నం ఈడ!" అని బుజ్జమ్మ దగ్గింది.

పుట్టి గిర్రున తిరుగుతూ సాగింది. గొడుగూ తిరిగింది, గట్టూ తిరిగింది, ఇందిరకు నవ్వాగలేదు. గడ్డ చేరగానే పెంటయ్య పుట్టిని బోర్లించి ఎండకు పెట్టాడు. పులిహోరలో పల్లీలు ఎక్కువయ్యాయని ఒక సంతోషం, ఇసుకలో పిట్టకాళ్ల ముగ్గు చూసి ఇంకో సంతోషం. తోలు ఎండేదాకా ఇందిర అట్లా పదిహేను సంతోషాలు ఏరుకుంది.

కొత్త కోడల్ని మొదటి వనభోజనంలో ఏడిపించకపోతే ఆ ఇంటి ఆడబిడ్డకు తిన్నది అరగదు.

"వదినె, ఆ బండల ఎనక సీతాఫలాలు పండి పగులుతున్నయి. నాలుగు తేరాదూ?" అంది బుజ్జమ్మ.

ఇందిర కొంగు నిండా పళ్లతో తిరిగొచ్చేసరికి గడ్డ మీద ఎవరూ లేరు. గొడుగు ఒక్కటే ఉంది. పుట్టి అవతలి గట్టుకు చేరుతోంది.

"వదినే! కొలంబోల మంచిగుండు!" బుజ్జమ్మ కేక నీళ్ల మీదుగా వచ్చింది. వెనకే కురుమూర్తి నవ్వు. "ఏడుస్తున్నదా? జర సూడు!"

ఇందిర నీళ్ల అంచుదాకా పరుగెత్తింది. పెంటయ్య అక్కడ పుట్టిని బోర్లించడం చూడగానే కుదుటపడింది. తోలు ఎండేదాకా రారు. అంటే గంట పైమాటే. ఆ గంటలో ఎవరు ఎవర్ని ఏడిపిస్తారో చూద్దాం అనుకుంది. ఆడబిడ్డకు తీసిపోయిన వదినె కాదు ఆమె.

వాళ్లు ఇటు చూడని అదను చూసి చెప్పులు నీళ్ల అంచున వదిలింది. గొడుగు విప్పి, దాని కర్రకు ఒక ముద్దుపెట్టి, మెల్లగా ఏట్లోకి తోసింది. వెళ్లి బండ వెనక నక్కింది. ఎర్ర గొడుగు తిరుగుతూ నడి ఏటికి పోయింది.

అవతల నవ్వు ఆగింది.

"వదినె! అన్నా, వదినె ఏది?"

"ఇందిరా! ఓ ఇందిరా!"

ఇందిర నోట్లో కొంగు కుక్కుకుంది. తన పేరు అంత గట్టిగా ఆయన ఎన్నడూ పిలవలేదు. మళ్లీ పిలిస్తే బాగుండును. పిలిచాడు. ఒక సీతాఫలం చీల్చి తిన్నది. ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. రెండోది చీల్చింది. ఇంత తియ్యటి పండు పుట్టింట్లో కూడా తినలేదు.

గింజ ఉమ్మి తొంగి చూసేసరికి కురుమూర్తి పుట్టిని నీళ్లలోకి ఈడుస్తున్నాడు. పెంటయ్య అతని చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు.

"వద్దు దొరా! తోలు మెత్తగుంది! నీ కాల్మొక్కుత, జర ఆగు!"

"బుర్ర కట్టిన, పెంటయ్యా! బుర్ర తేలుస్తది, ఎక్కడన్న తేలుతుంటది! ఇడువు!"

విదిలించుకుని పుట్టిలోకి దూకాడు. తెడ్డు పట్టుకుని ముసలివాడూ దూకాడు.

నా కోసం వస్తున్నాడు, అనుకుంది ఇందిర. ఒళ్లంతా పులకించింది. ఆ పులకింత తీరకముందే పెంటయ్య చెప్పిన ఉడికిన ఆలుగడ్డ గుర్తొచ్చింది.

బండ ఎక్కి రెండు చేతులూ ఊపింది. "ఉన్నాను! ఇక్కడే ఉన్నాను! వెనక్కి తిరగండి!"

కురుమూర్తి తలెత్తాడు. చూశాడు. ఆ ముఖంలో వెలిగినంత సంతోషం ఇందిర ఆ పొద్దు ఏరుకున్నవన్నీ కలిపినా ఉండదు.

"దొంగదానా!" అని పకపకా నవ్వుతూ, ఆమెకు చేతులు ఊపుతూ, పుట్టిలో లేచి నిలబడ్డాడు.

చప్పుడు కూడా పెద్దగా కాలేదు. నానిన తోలు అతని కాళ్ల కింద విచ్చుకుంది. మోకాళ్లదాకా, నడుందాకా, మెడదాకా దిగిపోయాడు. పెంటయ్య ఒక పక్క ఎగిరిపడ్డాడు. ఒక చెయ్యి పైకి లేచింది. అది ఊపుతున్నదో, పిలుస్తున్నదో తెలియలేదు. తర్వాత వెదురు బద్దలు మాత్రం తిరుగుతూ కిందికి పోయాయి, గొడుగు పోయిన దారినే.

అవతలి గట్టున బుజ్జమ్మ ఏడుపు మొదలైంది.

పెంటయ్య రెండుసార్లు మునిగి చూశాడు. ఖాళీ చేతులతో గడ్డ మీదికి పాక్కుంటూ వచ్చాడు. ఊపిరి అందడం లేదు. అతని కళ్లు ఇందిర ముఖం మీద ఆగలేదు, నడుము మీద ఆగాయి.

"దమ్ము లేదు దొరసానీ. గా బుర్ర ఇయ్యి. ఇంకొక్కపారి దూకుత."

ఇందిర ముడి మీద చేయి వేసింది. మొదటిది వచ్చింది. రెండోది వచ్చింది. మూడోదాన్ని ఆయన నవ్వుతూ, పంటితో లాగి మరీ బిగించాడు. సీతాఫలం జిగురుకు వేళ్లు జారుతున్నాయి.

"జల్ది, బిడ్డా" అన్నాడు పెంటయ్య.

వేళ్లు జారుతూనే ఉన్నాయి.